మందుల పేటెంట్లు, వాయిదాల వ్యాజ్యాలు, రోగి ఆయుష్షు



సాధారణంగా నేను రక్తపోటు, మధుమేహం, టీకాలు, మోకాళ్ళ నొప్పుల వంటి విషయాలే వ్రాస్తుంటాను. ఈసారి న్యాయస్థానం మెట్లెక్కుతున్నందుకు మన్నించాలి. నేను న్యాయశాస్త్రం చదివినవాణ్ణి కాను. అయితే మేము చీటీ మీద వ్రాసే మందు పేరుకూ, ఆ మందు రోగి నోటికి చేరడానికీ మధ్య ఎన్ని గడపలున్నాయో, వాటిలో కోర్టు గడప ఎంత ఎత్తైనదో ఉద్యోగ విరమణ తరువాత తీరికగా చదువుకుంటే గాని నాకు బోధపడలేదు.

మా బోరబండలో, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల, సినిమా షూటింగులలో లైట్‌మన్‌గా పనిచేసే వ్యక్తి ఉన్నాడు. పదమూడేళ్ళ క్రితం అతనికి క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సరు ఉన్నట్లు తేలింది. రోజుకొక ఇమాటినిబ్ మాత్ర, 400 మిల్లీగ్రాములది, భోజనం చేసి పెద్ద గ్లాసుడు నీళ్ళతో వేసుకుంటాడు. తెల్లవారుజామున ఫిల్మ్‌నగర్‌లో పని ఉంటే అందరితో పాటు వ్యానెక్కి వెళ్తాడు. నేను వైద్య విద్యార్థిగా ఉన్న రోజులలో ఈ జబ్బుకు మా పాఠ్యపుస్తకంలో ఉన్న మందు బుసల్ఫాన్. దానితో రోగి నాలుగైదేళ్ళు బ్రతికితే గొప్ప. ఈనాడు ఇమాటినిబ్‌ను క్రమం తప్పక వాడేవారిలో చాలామంది ఇంచుమించు అందరిలాగే పూర్ణాయుష్షు అనుభవిస్తున్నారు. నా వృత్తి జీవితంలో కళ్ళారా చూసిన అద్భుతాలలో ఇది ఒకటి.

గత అక్టోబరులో ఒక సాయంత్రం అతను చేతిలో ఫోనుతో వచ్చాడు. "సారూ, మందుల కంపెనీలు సుప్రీంకోర్టు దాక కొట్లాడుకున్నయంట. నా గోళీ గూడ బందయితదా?" అని అడిగాడు. వార్త వేరే జబ్బుకు సంబంధించినది. నీ గోళీకి ఏమీ కాదు, వేళకు వేసుకో అని చెప్పి పంపించాను. కొన్ని కంపెనీలు తయారుచేసే అదే గోళీని ఒకప్పుడు న్యాయస్థానం ఆపించిన మాట మాత్రం అతనికి చెప్పలేదు. చెబితే ఆ రాత్రి నిద్రపోయేవాడు కాడు.

ఆ సంగతికి ముందు, పేటెంటు అంటే ఏమిటో రెండు మాటలు. క్రొత్త మందు కనిపెట్టినవారికి ఇరవై ఏళ్ళపాటు ఇతరులు దానిని తయారుచేయకుండా, అమ్మకుండా ఆపే హక్కును ప్రభుత్వం ఇస్తుంది. బదులుగా వారు తమ రహస్యాన్ని లోకానికి వెల్లడించాలి. ఇది న్యాయమైన ఒప్పందమే. అయితే పేటెంటు మంజూరైనంత మాత్రాన అది చెల్లుబాటవుతుందని ప్రభుత్వం పూచీ పడదు. మన పేటెంట్ల చట్టం 13వ సెక్షనులోనే ఆ మాట ఉంది. మా పరిభాషలో చెప్పాలంటే అది ప్రాథమిక రోగ నిర్ధారణ. తదుపరి పరీక్షలలో నిలవవచ్చు, నిలవకపోవచ్చు. తుది విచారణ జరగకుండానే అవతలివారి మందును బజారులోకి రానీయకుండా ఆపే మధ్యంతర నిషేధ ఉత్తర్వు, ఎక్స్‌రే తీయకముందే కాలు తీసివేయడం వంటిది. ఒక్కొక్కసారి తప్పనిసరి కావచ్చు. తరువాత ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉందని తేలితే కాలు తిరిగి రాదు.

ఇమాటినిబ్ కథ ఇదే. 1970 నాటి మన పేటెంట్ల చట్టం మందు పదార్థానికి పేటెంటు ఇచ్చేది కాదు, తయారుచేసే పద్ధతికి మాత్రమే ఇచ్చేది. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో సమర్పించిన నివేదిక దానికి మూలం. 1972 ఏప్రిల్ 20న ఆ చట్టం అమలులోకి వచ్చింది. మా బోరబండ నుండి సనత్‌నగర్ దాటితే వచ్చే బాలానగర్‌లో సోవియట్ సహకారంతో కట్టిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారం, అందులో పనిచేసి బయటికి వచ్చి 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన కల్లం అంజిరెడ్డి గారు, సనత్‌నగర్ పారిశ్రామికవాడలోని హెటెరో, బంజారాహిల్స్‌లోని నాట్కో, వీటన్నిటికీ ఊపిరి పోసినది ఆ చట్టమే. తరువాత ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందానికి తలవంచి 2005 నుండి మనమూ మందు పదార్థానికే పేటెంటు ఇవ్వడం ప్రారంభించాము. ఈ మధ్యకాలంలో, పేటెంటు దరఖాస్తు ఇంకా పరిశీలనకు రాకముందే, కొన్ని మందులకు తాత్కాలికంగా ఏకస్వామ్య విక్రయ హక్కు ఇచ్చే ఏర్పాటు ఒకటి ఉండేది. ఇమాటినిబ్‌కు నోవార్టిస్ సంస్థ 2003లో ఆ హక్కు పొందింది. దాని ఆధారంగా 2004లో మద్రాసు హైకోర్టు నుండి కొన్ని దేశీయ సంస్థలపై నిషేధం తెచ్చుకుంది. అదే హక్కు మీద బొంబాయి హైకోర్టు మాత్రం నిషేధం ఇవ్వలేదు. ఒకే మందు, ఒకే హక్కు, రెండు ఊళ్ళలో రెండు తీర్పులు! అప్పట్లో ఆ కంపెనీ మందు నెలకు సుమారు లక్షా ఇరవై వేలు, మన కంపెనీల మందు ఎనిమిది నుండి పది వేలు. నోవార్టిస్ తన సహాయ పథకం క్రింద వేలమందికి ఉచితంగా ఇచ్చిన మాట కూడా చెప్పడం ధర్మం. అయితే దాత దయ మీద ఆధారపడిన చికిత్స, రోగి తన సంపాదనతో కొనుక్కోగలిగిన చికిత్స ఒకటి కావు.

చివరకు ఏమైంది? 2006 జనవరిలో చెన్నై పేటెంటు కార్యాలయం ఆ దరఖాస్తును తిరస్కరించింది. వ్యతిరేకించినవారిలో క్యాన్సరు రోగుల సంఘంతో పాటు మన నాట్కో కూడా ఉంది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ తిరస్కరణే సరైనదన్నది. పాత పదార్థానికి క్రొత్త స్ఫటిక రూపం కట్టినంత మాత్రాన, చికిత్సాగుణం మెరుగుపడనిదే, అది క్రొత్త ఆవిష్కరణ కాదని చెప్పే 3(డి) సెక్షను అప్పుడే దేశమంతటా ప్రసిద్ధమైంది. అంటే, ఏ పేటెంటు వస్తుందన్న ఆశతో 2004లో మందును ఆపించారో ఆ పేటెంటు ఎన్నటికీ రానేలేదు. ఈ మధ్య రోగులు కోల్పోయినదాన్ని లెక్కించినవారు లేరు. ఎవరినీ లెక్కించమని చట్టం అడగలేదు కూడా.

నేను వైద్యుణ్ణి కనుక ఒక్క లెక్క వేసి చూపిస్తాను. కాలేయ క్యాన్సరు ముదిరినవారికి ఇచ్చే సొరాఫెనిబ్ అనే మాత్ర ఉంది. 2008లో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనం ప్రకారం ఆ మాత్ర వాడినవారిలో మధ్యస్థ జీవితకాలం 10.7 నెలలు, వాడనివారిలో 7.9 నెలలు. తేడా మూడు నెలలకు కొంచెం తక్కువ. ఆ మందు చేయగలిగిన మేలు అంతే. ఇంటివారికి అదే కొండంత. కూతురి పెళ్ళి చూడటానికి, పొలం పత్రాలు సర్దుకోవడానికి, దూరదేశంలో ఉన్న కొడుకు వచ్చి చేరడానికి ఆ మూడు నెలలు చాలు. ఇప్పుడు మన న్యాయస్థానాలలో ఒక వాయిదాకూ మరో వాయిదాకూ మధ్య ఎంత కాలం పడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. రెండు వాయిదాలలో ఆ మందు ఇవ్వగల ఆయుష్షంతా ఖర్చయిపోతుంది. కంపెనీకి మధ్యంతర ఉత్తర్వు మధ్యంతరమే కావచ్చు. కాలేయ క్యాన్సరు రోగికి అదే తుది తీర్పు.

ఈ సొరాఫెనిబ్ మీదనే మన హైదరాబాదు పేరు ప్రపంచమంతా మారుమోగింది. బేయర్ సంస్థ దానిని నెలకు 2,80,428 రూపాయలకు అమ్మేది. నాట్కో నిర్బంధ లైసెన్సుకు దరఖాస్తు చేసుకుంది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ ఆ లైసెన్సు మంజూరు చేశారు. మన దేశంలో అదే మొదటిది. నెలసరి ధర 8,880 రూపాయలు మించకూడదు, బేయర్‌కు ఆరు శాతం రాయల్టీ చెల్లించాలి. అప్పీలులో అది ఏడు శాతమైంది. మందు అవసరమైన రోగులలో రెండు శాతం పైచిలుకు మందికే అది చేరుతోందని కంట్రోలర్ తేల్చారు. 2014లో బొంబాయి హైకోర్టు, ఆపైన సుప్రీంకోర్టు ఆ నిర్ణయంలో జోక్యం చేసుకోలేదు.

దీనికంటే తక్కువమందికి తెలిసిన, నా దృష్టిలో ఎక్కువ ముఖ్యమైన వ్యాజ్యం అదే మందు మీద అంతకు ముందే నడిచింది. సిప్లా సంస్థకు సొరాఫెనిబ్ తయారీ అనుమతి ఇవ్వవద్దని ఔషధ నియంత్రణాధికారిని ఆదేశించండి అంటూ బేయర్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. ఔషధ నియంత్రణాధికారి పని మందు మంచిదా, సురక్షితమా అని చూడటం. పేటెంటు ఎవరిది అని చూడటం కాదు. చట్టంలో లేని కాపలా పనిని ఆయన మెడకు తగిలించబోయారన్నమాట. 2009లో ఆ పిటిషను కొట్టివేస్తూ న్యాయస్థానం బేయర్‌కు 6.75 లక్షల రూపాయల ఖర్చులు కూడా విధించింది. మరుసటి ఏడాది డివిజన్ బెంచి, ఆ తరువాత సుప్రీంకోర్టు కూడా ఆ నిర్ణయాన్నే నిలబెట్టాయి. అనవసరపు వ్యాజ్యం వేసినవారి చేత ఖర్చులు కట్టించడం మన న్యాయస్థానాలకు తెలియని విద్య కాదని చెప్పడానికే ఈ ఉదంతం.

అమెరికాలో ఆ కాపలా ఏర్పాటు చట్టంలోనే ఉంది. నిర్ణీత గడువులో పేటెంటుదారు దావా వేస్తే చాలు, జెనరిక్ మందు అనుమతి ముప్పై నెలలు ఆగిపోతుంది. గెలవనక్కరలేదు, వేస్తే చాలు! మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సరుకు వాడే లెనలిడమైడ్ విషయంలో 2010లో మొదలైన వ్యాజ్యం 2015 డిసెంబరులో నాట్కో పక్షానికీ సెల్జీన్‌కూ మధ్య రాజీతో ముగిసింది. రాజీ ప్రకారం జెనరిక్ మందు 2022 మార్చి నుండి పరిమిత మోతాదులోనే అక్కడి బజారులోకి వచ్చింది. హైదరాబాదు కంపెనీ ఇక్కడి రోగులకు అంతకు చాలా ఏళ్ళ ముందు నుండే ఆ మందు అమ్ముతోంది. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు సెలవులకు వచ్చి వెళ్తూ అమ్మానాన్నల మందులతో పాటు తమ మందులు కూడా ఇక్కడే ఎందుకు కొనుక్కుంటారో ఆలోచించండి.

ఈ సంగతులలో కొన్ని మా లైట్‌మన్‌కు మరొక రోజు వివరించాను. అతను చటుక్కున, "ఇది మా సినిమోల్ల స్టే లెక్కనే ఉన్నది గద సారూ!" అన్నాడు. నిజమే. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలలో టీ కొట్టు నడిపేవారికి కూడా ఈ తంతు తెలుసు. సినిమా ఏడాది పాటు తీస్తారు, ప్రకటనలు వేస్తారు, అంతవరకు ఎవరూ నోరు మెదపరు. విడుదలకు రెండు రోజుల ముందు ఎవరో ఒకరు కథ నాది అంటూ కోర్టుకు వెళ్తారు. వారిలో నిజంగా మోసపోయిన రచయితలూ ఉంటారు. కథతో ఏ సంబంధమూ లేనివారూ ఉంటారు. నిర్మాతకు ఆ క్షణంలో సత్యాసత్యాల విచారణకు తీరిక ఉండదు, శుక్రవారం ముఖ్యం. డబ్బిచ్చి వదిలించుకుంటాడు. దావాలో బలం లేకపోయినా, వేళ చూసి కొట్టిన దెబ్బలో బలం ఉంది. సినిమా ఆగితే నిర్మాత నష్టపోతాడు, ప్రేక్షకుడు మరో సినిమా చూస్తాడు. మందు విషయంలో ఆ సౌకర్యం లేదు.

వేళ చూసి కొట్టడానికి మన ఊరి ఉదాహరణే ఉంది. ఇమాటినిబ్ పనిచేయని రక్త క్యాన్సరు రోగులకు దసాటినిబ్ అనే మందు వాడతాము. హెటెరో దానిని తయారుచేయబోతోందన్న అనుమానం మీద బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ 2008 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళగా, అవతలి పక్షం వాదన వినకముందే నిషేధం వచ్చింది. ఔషధ నియంత్రణాధికారి కూడా ఉల్లంఘనకు తావివ్వరని ఆశిస్తున్నామన్న మాటను ఆ ఉత్తర్వులో చేర్చారు. అక్కడ పేటెంటు బలమైనదే కావచ్చు, నేను దాని జోలికి పోను. ఒక్క పక్షం మాట విని మందు ఆపే పద్ధతి మీదనే నా అభ్యంతరం. రోగి చెప్పినది మాత్రమే విని, నాడి కూడా చూడకుండా మేము మందు వ్రాస్తే మీరు ఊరుకుంటారా?

ఇక ఆ సాయంత్రం అతను ఫోనులో చూపిన వార్త. స్పైనల్ మస్కులర్ ఆట్రోఫీ అనేది పుట్టుకతో వచ్చే జన్యు వ్యాధి. ఒక జన్యువు లోపించడం వలన కండరాలను నడిపించే నాడీకణాలు ఒక్కొక్కటిగా నశిస్తాయి. తీవ్రరూపంలో పుట్టిన బిడ్డ తనంతట తాను కూర్చోలేదు, క్రమంగా ఊపిరి తీసుకోవడం కూడా కష్టమవుతుంది. రిస్డిప్లామ్ అనే నోటి మందు ఆ నాశనాన్ని నెమ్మదింపజేస్తుంది. నశించిన కణాన్ని మాత్రం తిరిగి బ్రతికించదు. కనుక ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు, ఆలస్యమైన ప్రతి నెలా శాశ్వత నష్టం. రోష్ సంస్థ మందు సీసా ధర సుమారు ఆరు లక్షల రూపాయలు. సీసాలో 60 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇరవై కిలోల బరువు దాటిన రోగికి రోజుకు 5 మిల్లీగ్రాములు కావాలి, అంటే సీసా పన్నెండు రోజులకు సరి. ఏడాదికి ముప్పై సీసాలు, కోటీ ఎనభై లక్షలు. మా తరం ప్రభుత్వ వైద్యుడు జీవితమంతా తీసుకున్న జీతం కూడితే అంత రాదు.

నాట్కో దానిని తయారుచేయబోతే 2024లో దావా పడింది. రోష్‌కు ఇంతకు ముందే ఒక విస్తృత పేటెంటు ఉంది. అందులోని ఒక అణువులో ఒక్క చోట కర్బనం బదులు నత్రజని ఉంచితే రిస్డిప్లామ్ వస్తుందని, దానిని మరల వేరే ఆవిష్కరణగా పరిగణించరాదని నాట్కో వాదన. 2025 మార్చి 24న ఢిల్లీ హైకోర్టు నిషేధం నిరాకరించింది. అక్టోబరు 9న డివిజన్ బెంచి అదే మాట అన్నది. అక్టోబరు 17న సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. నాట్కో సీసా 15,900 రూపాయలకు బజారులోకి వచ్చింది. అయినా ఏడాదికి నాలుగు లక్షల డెబ్బై వేలపైన. సామాన్యునికి అదీ భారమే, ప్రభుత్వం పూనుకోక తప్పదు. అయితే కోటీ ఎనభై లక్షలకు పూనుకోవడం ప్రభుత్వానికి ఎంతో కష్టం, దీనికి పూనుకోగలదు. ఆ తేడా గుర్తించాలి.

ఇంతవరకు చదివి, ఈ డాక్టరు గారు విదేశీ కంపెనీలను తిట్టి మన కంపెనీలను పొగుడుతున్నారని అనుకోకండి. మన కంపెనీలు ధర్మసత్రాలు కావు, లాభం లేనిదే అడుగు వేయవు. ఇమాటినిబ్‌నూ, రిస్డిప్లామ్‌నూ కనిపెట్టినది మనవారు కాదు. కనిపెట్టినవారికి ప్రతిఫలం దక్కకపోతే రేపటి మందు రాదు. పైగా నిషేధం నిరాకరించిన ప్రతి వ్యాజ్యంలోనూ జెనరిక్ కంపెనీదే న్యాయమని కూడా కాదు. ఊపిరితిత్తుల క్యాన్సరుకు వాడే ఎర్లోటినిబ్ విషయంలో 2008లో ఢిల్లీ హైకోర్టు, ధరల మధ్య అంతరాన్నీ ప్రజాప్రయోజనాన్నీ దృష్టిలో ఉంచుకుని, సిప్లాపై నిషేధం ఇవ్వలేదు. రోష్ మాత్ర 4,800 రూపాయలైతే సిప్లాది 1,600. తీరా 2015లో డివిజన్ బెంచి సిప్లా పేటెంటును ఉల్లంఘించిందనే తేల్చింది. పేటెంటు గడువు ముగియవస్తున్నందున నిషేధం ఇవ్వలేదు, లాభాల లెక్క తేల్చమన్నది. నా ఉద్దేశంలో ఆ ఫలితం అన్యాయం కాదు. పేటెంటుదారుకు రావలసినది డబ్బు రూపంలో రావచ్చు. రోగికి ఆ ఏడేళ్ళూ చవకగా మందు దొరికింది. అదే నిషేధం ముందుగా ఇచ్చి, చివరకు పేటెంటు చెల్లదని తేలి ఉంటే? కంపెనీలు డబ్బు లెక్కలు సర్దుకునేవి. పోయిన రోగికి ఎవరు ఏమి ఇవ్వగలరు?

అందుకే చట్టంలో మార్పు కావాలంటున్నాను. తగిన ఆధారం లేకుండా మధ్యంతర నిషేధం తెచ్చినవారు ప్రతివాదికి పరిహారం చెల్లించాలని మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 95వ సెక్షను చెబుతుంది. బాగుంది. గరిష్ఠంగా ఎంత? యాభై వేల రూపాయలు. బేయర్ పాత ధర ప్రకారం అది సొరాఫెనిబ్ ఆరు రోజుల మాత్రల ఖరీదు కూడా కాదు! కోట్ల వ్యాపారాన్ని ఏడాది పాటు కాపాడుకోవడానికి యాభై వేలు కట్టవలసి వస్తే ఏ వ్యాపారి వెనుకాడతాడు? కొందరు న్యాయమూర్తులు నిషేధం ఇచ్చేముందు నష్టపరిహార పూచీకత్తు అడుగుతారు, అది వారి విచక్షణ. ప్రాణరక్షక మందుల విషయంలో అది విచక్షణ కాక విధి కావాలి. మందు ఆగిన కాలానికి జెనరిక్ సంస్థ కోల్పోయినదానితో పాటు, ఆ కాలంలో రోగులూ ప్రభుత్వ ఆసుపత్రులూ అధికంగా చెల్లించిన మొత్తం కూడా లెక్కకట్టి, ఓడిన పేటెంటుదారు నుండి రాబట్టి, ఆరోగ్యశాఖకు జమ చేయాలి.

ఇది అంతర్జాతీయ ఒప్పందాలకు విరుద్ధం కాదా అని సందేహించేవారు ట్రిప్స్ ఒప్పందం 48వ అధికరణం చదవాలి. హక్కుల అమలు ప్రక్రియను దుర్వినియోగం చేసినవారి నుండి తగిన పరిహారం ఇప్పించే అధికారం న్యాయస్థానాలకు ఉండాలని అందులోనే వ్రాసి ఉంది. మన చేతికి మందు ఇచ్చారు, మనం సీసా మూత తీయలేదు.

106వ సెక్షను సంగతీ అంతే. ఆధారం లేని ఉల్లంఘన బెదిరింపులు చేసేవారిపై కోర్టుకు వెళ్ళవచ్చని అది చెబుతుంది. బెదిరింపు ఉత్తరాలకు చిన్న తయారీదారులు, పంపిణీదారులు, ఆసుపత్రుల కొనుగోలు విభాగాలవారు ఎంత జంకుతారో నాకు తెలుసు. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో, వకీలు ఉత్తరం ఒకటి వచ్చిందన్న వార్తకే కొనుగోలు ఫైలు నెలల తరబడి బల్ల దిగలేదు. ఎవరూ సంతకం పెట్టరు, ఎవరూ కాదనరు. ఆ ఉత్తరంలో ఏముందో చదివినవారు కూడా తక్కువ. అయితే 106వ సెక్షను బెదిరింపుల గురించే మాట్లాడుతుంది, ఆధారం లేని దావా గురించి కాదు. ఉత్తరం వ్రాస్తే ప్రమాదం, ఏకంగా దావా వేస్తే క్షేమం! ఈ విడ్డూరాన్ని సరిదిద్దాలి.

అమెరికాలో సాఫ్ట్‌వేరు, ఫోన్ల రంగాలలో ఏ వస్తువూ తయారుచేయకుండా పేటెంట్లు కొని దావాలతో బ్రతికేవారిని పేటెంట్ ట్రోల్స్ అంటారు. వారిని అదుపు చేయడానికి ఓడినవారే ఖర్చులు భరించాలన్న బిల్లు ఒకటి 2013 డిసెంబరులో ప్రతినిధుల సభలో 325–91 ఓట్లతో నెగ్గింది, సెనేటులో ఆగిపోయింది. మరుసటి ఏడాది అక్కడి సుప్రీంకోర్టే, అసాధారణ కేసులలో వకీలు ఖర్చులు ఇప్పించడాన్ని సులభతరం చేసింది. మన మందుల రంగంలో దావా వేసేవారు అటువంటివారు కారు. వారు నిజంగా మందు తయారుచేసేవారే. అందుచేత ఆ మందును మనకు యథాతథంగా ఎక్కించుకుంటే పనిచేయదు.

వీటన్నిటికంటే ముందు, దావాకు మూలమైన బలహీన పేటెంటు పుట్టకుండా చూడటం మేలు. చికిత్స కంటే నివారణ మేలని ముప్పై ఏళ్ళు చెప్పి చెప్పి నోరు అరిగినవాణ్ణి, ఇక్కడా అదే చెబుతాను. మన చట్టం 25వ సెక్షను ప్రకారం పేటెంటు మంజూరుకు ముందే ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఎవరైనా అంటే నిజంగా ఎవరైనా, రోగి కూడా. 2024 మార్చిలో వచ్చిన క్రొత్త నియమాలు ఈ అభ్యంతరానికి రుసుము పెట్టాయి. అభ్యంతరం విచారణకు అర్హమా కాదా అని ముందుగా కంట్రోలరు తేల్చాలన్న గడపను కూడా చేర్చాయి. పనికిమాలిన అభ్యంతరాలను అరికట్టడానికట. పనికిమాలిన దావాలను అరికట్టడానికి మాత్రం యాభై వేల పరిమితి అలాగే ఉంది.

ఆ గడప ఎవరికి అడ్డమో నాకు తెలుసు. ఉద్యోగంలో నా చివరి ఏళ్ళు ఒక జిల్లాలో క్షయ రోగుల మధ్య గడిచాయి. సాధారణ మందులకు లొంగని క్షయకు అప్పట్లో మా చేతిలో ఉన్న ఆయుధం కనామైసిన్ సూది మందు, నెలల తరబడి రోజూ. అది క్షయ క్రిమిని చంపుతుంది, కొందరిలో చెవిలోని వినికిడి కణాలనూ చంపుతుంది. నేను చీటీ వ్రాసినవారిలో ఒక తాపీమేస్త్రీ ఉండేవాడు. నాలుగో నెలలో, చెవిలో హోరు వస్తోందయ్యా అన్నాడు. మందు ఆపితే ప్రాణం పోతుంది, ఆపకపోతే వినికిడి పోతుంది. ప్రాణమే ఎంచుకున్నాము. ఆ తరువాత అతను వచ్చినప్పుడల్లా తన కొడుకు బడి పలక తెచ్చి నా ముందు పెట్టేవాడు. నేను దాని మీద వ్రాస్తే చదువుకుని తల ఊపేవాడు.

బెడాక్విలిన్ అనే మాత్ర వచ్చాక ఆ సూది అవసరం పోయింది. దాని మూల పేటెంటు 2023 జులైలో ముగిసింది. అయితే అదే పదార్థపు లవణ రూపానికి జాన్సన్ అండ్ జాన్సన్ మరో పేటెంటు అడిగింది. వచ్చి ఉంటే 2027 దాకా సాగేది, తయారుచేయబోయిన ప్రతివారి మీద దావా వేసే వీలుండేది. దానికి అభ్యంతరం చెప్పినవారు ఇద్దరు యువతులు, ఒకరు ముంబాయివాసి, మరొకరు దక్షిణాఫ్రికా వాసి. ఇద్దరూ క్షయ నుండి బయటపడినవారే, ఇద్దరూ ఆ చికిత్సలో వినికిడి కోల్పోయినవారే. 2023 మార్చి 23న ముంబాయి పేటెంటు కార్యాలయం వారి మాట విని ఆ దరఖాస్తును తిరస్కరించింది. ఆ వార్త చదివిన రోజు నాకు ఆ మేస్త్రీ పలక గుర్తుకు వచ్చింది. అతను ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. మా ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ముందు నుండి వెళ్ళినప్పుడల్లా, సంచి చేత పట్టుకుని గేటు దాటే రోగులను చూసి, వీరి చెవులు నిలుస్తాయి కదా అనుకుంటాను.